ఉంగరం, హుండీ, ఆరంకెలు

చాలా కాలానికి మళ్ళీ ఈ పుటకు వచ్చాను. మధ్యలో ఎన్నో విషయాలు వ్రాయాలనుకున్నాను కాని, ముందుగా వ్రాయవలసినది ఒకటి గొంతుకు అడ్డుపడుతూ ఉండగా తక్కినవేవీ కదలలేదు. అది మా ఇంటి విషయం. దాని వేళ్ళు వెదుకుతూ పోతే అవి మా ఊరి సంత దాటి చాలా దూరం పోయాయి. అందుకే స్వగతంగా మొదలుపెట్టి చరిత్రగా చెప్పబోతున్నాను. మిత్రులు ఓపిక పట్టాలి.

మా మేనమామ ఆదోనిలో ఒక ప్రత్తి కమీషన్ దుకాణంలో 1968 నుండి 2008 దాకా గుమాస్తాగా పనిచేశారు. చిట్టా, ఆవర్జా ఆయనకు రెండు కళ్ళు. చెక్కు వ్రాస్తే అంకెకు ముందు చీమ దూరే సందు ఉండేది కాదు. మొత్తాన్ని అక్షరాలలో వ్రాసి, చివర ‘మాత్రమే’ అని చేర్చి, మిగిలిన జాగాను అడ్డగీతతో మూసిన తరువాతనే అది యజమాని చేవ్రాలుకు వెళ్ళేది. పెళ్ళిళ్ళలో చదివింపుల పద్దు వ్రాయడానికి కూడా మా బంధువర్గంలో ఆయననే పిలిచేవారు.

అటువంటి మనిషికి 2023 ఆగస్టులో, తన డెబ్భై అయిదో ఏట, ఒక మధ్యాహ్నం ఫోను వచ్చింది. అవతలి గొంతు మర్యాదగా ఆయన పేరు చెప్పింది. ఖాతా చివరి నాలుగంకెలు చెప్పింది. వడ్డీ ఏ తారీఖున జమ అవుతుందో కూడా చెప్పింది. కేవైసీ కాగితాలు పాతబడ్డాయనీ, సాయంత్రంలోగా సరిచేయకపోతే ఖాతా నిలిచిపోతుందనీ అన్నది. ఫోనుకు వచ్చిన ఆరంకెలు చదవమన్నది. ఆయన చదివారు. మళ్ళీ వచ్చాయి, మళ్ళీ చదివారు. 1,84,000 రూపాయలు పోయాయి. ఆ సందేశంలో ‘ఎవరికీ చెప్పవద్దు’ అన్న హెచ్చరిక ఉన్నది, ఇంగ్లీషులో. మామకు తెలుగూ కన్నడమూ చదవడం వచ్చు, ఉర్దూ మాట్లాడతారు, ఇంగ్లీషు రాదు. అంకెలు మాత్రం ఏ భాషవాడికైనా తెలుస్తాయి కదా.

రెండు రోజులు ఆయన ఎవరికీ చెప్పలేదు. మూడోనాడు అత్తయ్య కనిపెట్టి నాకు ఫోను చేసింది. నేను వెళ్ళగానే అన్న మొదటి మాట, “ఇంత లెక్క తెలిసినవాడివి, ఎట్లా చెప్పినావు మామా?”

ఆయన చాలాసేపు మాట్లాడలేదు. తరువాత, “నలభై ఏండ్లు ఊరివాళ్ళ లెక్క కాపాడితిని. నా లెక్క కాపాడుకోలేకపోతినిరా” అన్నారు. మరునాటి నుండి ఇంటి చిట్టా వ్రాయడం మానుకున్నారు.

ఆ మాట అడిగినందుకు నాకు ఇప్పటికీ సిగ్గుగానే ఉంది. ఆ సిగ్గు తీరక, అసలు మన పెద్దలు ధనాన్నీ ధనానికి సంబంధించిన గుట్టునూ ఎట్లా కాపాడుకొన్నారో వెదకడం మొదలుపెట్టాను.

* * *

వెదుకులాటలో మొదట ఎదురైనది ఒక నాటకం. అచ్చుతప్పుకు మనం ‘ముద్రారాక్షసం’ అని చమత్కారంగా పేరు పెట్టుకొన్నాం. కాని విశాఖదత్తుని ‘ముద్రారాక్షసం’లో ముద్ర అంటే ఉంగరపు ముద్ర. నందుల మంత్రి రాక్షసుడు తన కుటుంబాన్ని చందనదాసు అనే రత్నవర్తకుని ఇంట దాచి వెళతాడు. బయటికి పరుగెత్తబోయిన పసివాణ్ణి లోపలికి లాగుతున్న ఇల్లాలి వేలి నుండి భర్త ఉంగరం జారి, గడప దాటి దొర్లి, చాణక్యుని గూఢచారి కాళ్ళ దగ్గర ఆగుతుంది. మగవాని వేలి కొలతకు చేసిన ఉంగరం కనుక వదులైంది. అంతే, అంతకన్న దొంగతనం లేదు.

ఆ తరువాత చాణక్యుడు చేసినది చూడండి. రాక్షసునికి ఆప్తుడైన శకటదాసు చేతనే, ఎవరి కోసమో ఎందుకో తెలియనివ్వకుండా, ఒక లేఖ వ్రాయిస్తాడు. దాని మీద ఆ ఉంగరంతో ముద్ర వేయిస్తాడు. దస్తూరి నిజం, ముద్ర నిజం, లేఖ మాత్రం అబద్ధం. మలయకేతువు పాపం తెలివితక్కువవాడేమీ కాదు. ముద్ర పోల్చి చూశాడు, దస్తూరి పోల్చి చూశాడు, రెండూ సరిపోయాయి. సరిపోయాయి కాబట్టే మోసపోయాడు. రాక్షసుడు కూడా ఆ రెంటినీ కాదనలేక తలవంచాడు.

చాణక్యుని పక్షాన కూర్చొని చూస్తాం గనుక మనం చప్పట్లు కొడతాం. ఒక్కసారి రాక్షసుని పక్షాన కూర్చోండి. ఈనాడు ఎవరి పేరిటనో, ఎవరి ఖాతా నుండో, సరైన రహస్యపదంతో వెళ్ళే దొంగ ఆజ్ఞకూ ఆ లేఖకూ తేడా లేదు. మామకు వచ్చిన ఫోనులోనూ పేరు నిజం, అంకెలు నిజం, తారీఖు నిజం. వాటిని సరిచూసుకొన్న తరువాతనే ఆయన నమ్మారు. గుర్తు ఒక్కటే అయినప్పుడు, అది ఎవరి చేతిలో ఉంటే వాడే యజమాని అయిపోతాడు.

* * *

ఈ చిక్కును మన వర్తకులు విప్పిన తీరు హుండీలో కనబడుతుంది. హుండీ అనగానే మనకు తిరుమల గుర్తుకు వస్తుంది కాని, నేను చెబుతున్నది వర్తకుల కాగితం. ఒక ఊరి షావుకారు, మరొక ఊళ్ళో ఉన్న తన ఏజెంటుకో, తనతో లెక్క ఉన్న షావుకారుకో, ‘ఈ కాగితం తెచ్చినవారికి ఇంత రొక్కం చెల్లించవలసినది’ అని వ్రాసి ఇచ్చే ఆజ్ఞ. చూడగానే చెల్లించవలసినది దర్శనీ హుండీ, గడువు మీద చెల్లించవలసినది ముద్దతీ హుండీ. దొంగల భయం ఉన్న దారిలో వెండి రూపాయల మూటకు బదులు ఒక కాగితం ప్రయాణం చేసేది.

ఆ కాగితాన్ని దొంగ దిద్దితే? అందుకు జాగ్రత్త కాగితంలోనే ఉన్నది. మొత్తాన్ని అంకెలలో వ్రాసి, అక్షరాలలో వ్రాసి, అంతటితో ఆగక ‘ఇందులో సగం ఇంత, దానికి రెట్టింపు పూర్తిగా చెల్లించండి’ అని మరొకసారి వ్రాసేవారు. 500 రూపాయల హుండీ అయితే, సగం 250, దానికి రెట్టింపు. ఒక సున్న చేర్చదలచినవాడు అన్ని చోట్లా దిద్దాలి. మామ చెక్కుల మీద గీసిన అడ్డగీత ఈ సంప్రదాయానికి దూరపు చుట్టమే.

కాగితాన్నే దొంగ ఎత్తుకుపోతే? హుండీ గొప్పతనమంతా ఈ ప్రశ్నకు చెప్పిన జవాబులో ఉన్నది. హుండీ మనిషి చేతిలో వెళ్ళేది. ‘ఫలానా తేదీన, ఫలానావారి పేర, ఇంత మొత్తానికి హుండీ వ్రాశాం’ అన్న తెలివిడి ఉత్తరం వేరుగా టపాలో వెళ్ళేది. (మన వ్రాతలకు మనం ‘టపా’ అని పేరు పెట్టుకొన్నప్పుడు ఆ మాటకు ఇంత బరువున్నదని నాకు తెలియదు.) అక్కడి షావుకారు హుండీని ఉత్తరంతో పోల్చి చూసి చెల్లించేవాడు. దారిలో దొంగ చేతికి కాగితం దొరికినా ఉత్తరం దొరకదు. ఉత్తరం దొరికినా కాగితం దొరకదు. గుట్టును రెండు ముక్కలు చేసి రెండు దారుల్లో పంపడమే కాపలా.

దాని మీద మూడో తాళం మనిషి. ‘షాజోగ్’ హుండీ అయితే బజారులో పరువు ఉన్న షావుకారు చేతికే రొక్కం చెల్లించాలి. ఆ తరువాత హుండీ దొంగదని తేలితే, రొక్కం తీసుకొన్న షావుకారు దాన్ని తిరిగి ఇవ్వాలి. ముక్కూ మొగమూ తెలియని దొంగకు అక్కడ తావు లేదు.

వ్రాతలోనూ గుట్టు ఉండేది. ఉత్తరాది వర్తకుల మహాజనీ లిపిలో అచ్చులకు గుర్తులు దాదాపు ఉండేవి కావు. అలవాటు లేనివాడికి ఆ ఖాతాపుస్తకం అయోమయం. వారి మీద ఒక హాస్యకథ ఉన్నది. ‘సేఠు అజ్మీరు వెళ్ళారు, పెద్ద బహీ పంపండి’ అని వచ్చిన ఉత్తరాన్ని, ఇంటివారు ‘సేఠు ఆజ్ మర్ గయే, పెద్ద బహూను పంపండి’ అని చదువుకొని గొల్లుమన్నారట. బహీ అంటే ఖాతాపుస్తకం, బహూ అంటే కోడలు! మన ఎడ్ల సంతల్లో తుండుగుడ్డ కింద వేళ్ళు పట్టుకొని బేరమాడే దళారులదీ ఇదే విద్య. చుట్టూ ఎందరు నిలబడినా ధర ఆ రెండు చేతులకే తెలుస్తుంది.

అయితే నన్ను అన్నిటికన్న ఆపి ఆలోచింపజేసినది ‘పేఠ్’. హుండీ పోతే, పోయిందని వెంటనే చెప్పి దాని నకలు పుచ్చుకోవచ్చు. ఆ నకలు పేఠ్. అదీ పోతే ‘పరపేఠ్’. అదీ పోతే వర్తకుల పంచాయతీ చేత వ్రాయించిన పత్రం మరొకటి. పోవడం అనేది ఎప్పుడో ఒకప్పుడు జరిగేదేనని ఆ ఏర్పాటులోనే ఒప్పుకొన్నారు. పోగొట్టుకొన్నవాడు తలవంచుకోనక్కరలేదు, నోరు విప్పాలి, అంతే. 1881 నాటి నెగోషియబుల్ ఇన్‌స్ట్రుమెంట్స్ చట్టం కూడా, దేశభాషల్లో వ్రాసిన ఇటువంటి పత్రాలకు స్థానిక ఆచారాన్నే విడిచిపెట్టింది.

* * *

చెక్కుల లోకం దీనికి భిన్నమైన ప్రశ్న అడిగింది. అక్కడ న్యాయస్థానం ముందు నిలిచిన ప్రశ్న, సందు ఎవరు వదిలారు అన్నది.

లండన్‌లో 1827లో తీర్పు వచ్చిన ఒక వ్యాజ్యం ఉన్నది. యంగ్ అనే ఆయన ఊరికి వెళుతూ, ఖాళీ చెక్కుల మీద చేవ్రాలు చేసి భార్యకు ఇచ్చి వెళ్ళాడు. ఆమెకు 50 పౌన్ల 2 షిల్లింగుల 3 పెన్సులు కావలసి వచ్చింది. గుమాస్తా చెక్కు నింపి చూపించాడు, ఆమె సరేనన్నది. కాని వాడు ‘యాభై’కి ముందు చోటు వదిలే వ్రాశాడు. బ్యాంకుకు వెళ్ళే దారిలో ఆ చోటులో ‘మూడు వందల’ చేర్చాడు. బ్యాంకు 350 పౌన్లు ఇచ్చేసింది. నష్టం ఖాతాదారుదేనని తీర్పు. 1918లో మరొక వ్యాజ్యం హౌస్ ఆఫ్ లార్డ్స్ దాకా వెళ్ళింది. గుమాస్తా తెచ్చిన 2 పౌన్ల చెక్కు మీద భాగస్వామి తొందరలో సంతకం పెట్టాడు. అక్షరాల చోటు ఖాళీ, అంకెకు అటూ ఇటూ జాగా. అది 120 పౌన్లు అయింది. అక్కడా నష్టం చేవ్రాలు చేసినవారి మీదనే పడింది.

ఈ తీర్పులు చదువుతుంటే మామ అడ్డగీత కళ్ళ ముందు కదలింది. ఏ ఇంగ్లీషు తీర్పూ చదవకుండానే ఆయన ఆ తీర్పుల సారాన్ని నలభై ఏళ్ళు ఆచరించారు.

దూరం పెరిగేకొద్దీ కాగితం తంతి అయింది. తంతి మీద దస్తూరి లేదు, ముద్ర లేదు. అందుకని బ్యాంకులు తమలో తాము రహస్య పట్టికలు పెట్టుకొన్నాయి. మొత్తానికి ఒక అంకె, తేదీకి ఒక అంకె, అన్నీ కూడి వచ్చిన సంఖ్యను తంతిలో చేర్చి పంపితే, అందుకొన్న బ్యాంకు తన పట్టికతో లెక్క కట్టి సరిచూసుకొనేది. అదీ హుండీ పోకడే. సందేశం ఒక దారి, దాన్ని పరీక్షించే పట్టిక మరొక దారి. దేశాల మధ్య బ్యాంకుల సందేశాలు మోయడానికి 1973లో స్విఫ్ట్ సంస్థ ఏర్పడింది. తంతి పోయి కంప్యూటరు వచ్చింది.

ఆ దారిలోనే 2016 ఫిబ్రవరిలో బంగ్లాదేశ్ కేంద్ర బ్యాంకు దోపిడీ జరిగింది. న్యూయార్క్ ఫెడరల్ రిజర్వులో ఉన్న తన సొమ్మును పంపమంటూ ఢాకా పేరిట 35 ఆజ్ఞలు వెళ్ళాయి. మొత్తం 95 కోట్ల డాలర్లకు పైనే. రాక్షసుని ఉంగరంలాగా అన్ని గుర్తులూ నిజమే. ఆ బ్యాంకులో పంపిన ప్రతి సందేశాన్నీ తనంతట తానే కాగితం మీద అచ్చు వేసే ప్రింటరు ఒకటి ఉండేది. హుండీ వెంట వెళ్ళే ఉత్తరం వంటి రెండో సాక్షి అది. దొంగలు దాని నోరు ముందే నొక్కేశారు. శుక్రవారం నాడు ప్రింటరు పనిచేయకపోతే, మామూలు మరమ్మతే కదా అనుకొన్నారు. ఢాకాలో సెలవు, ఆ పైన న్యూయార్క్‌లో సెలవు, సోమవారం మనీలాలో చైనా నూతన సంవత్సరపు సెలవు. 8 కోట్ల 10 లక్షల డాలర్లు మనీలా దారి పట్టాయి. శ్రీలంకకు వెళ్ళవలసిన 2 కోట్లు మాత్రం ఆగాయి. కారణం, ‘ఫౌండేషన్’ అన్న మాటలో దొంగ చేసిన అక్షరదోషం. నిజమైన ముద్రారాక్షసం! అది చూసి మధ్యలోని బ్యాంకు గుమాస్తా ఎవరో సందేహించి అడిగారు.

ఏ తాళమూ పగలగొట్టని మోసం ఇంకొకటి. 2013, 2015 మధ్య లిథువేనియాకు చెందిన ఒకడు, తైవాన్‌లోని క్వాంటా కంప్యూటర్ కంపెనీ పేరుతో బిల్లులు పంపి, గూగుల్, ఫేస్‌బుక్ సంస్థల నుండి 10 కోట్ల డాలర్లకు పైగా తన ఖాతాల్లో వేయించుకొన్నాడు. 2019లో న్యూయార్క్ కోర్టు అయిదేళ్ళ శిక్ష వేసింది. ఆ సంస్థలు నిజంగానే క్వాంటాతో వ్యాపారం చేసేవి, అదే వాడి పెట్టుబడి. ఏ చిన్న దుకాణదారుకైనా ఈ పాఠం వర్తిస్తుంది. ‘మా ఖాతా మారింది, ఇకపై ఇందులో వేయండి’ అని ఉత్తరం వస్తే, ఆ ఉత్తరంలోని నంబరుకు కాక, మన దగ్గర ముందునుండీ ఉన్న నంబరుకు ఫోను చేసి అడగాలి. రెండో దారి మనకు మునుపే తెలిసినదై ఉండాలి.

* * *

ఇప్పుడు మామ ఆరంకెల దగ్గరకు వస్తాను.

ఇంటర్నెట్‌లో కార్డుతో చెల్లించేటప్పుడు, కార్డు మీద కనబడే అంకెలు చాలవనీ, కనబడని మరొక గుర్తు కూడా కావాలనీ మన రిజర్వు బ్యాంకు 2009 ఆగస్టు 1 నుండి నియమం పెట్టింది. తరువాత మనకు బాగా అలవాటైన ఓటీపీ ఆ కుటుంబంలోనిదే. కార్డు ఒక దారిలో, ఆరంకెలు మరొక దారిలో. హుండీ, టపా! మన తాతలు ఎరిగిన ఉపాయమే కొత్త బట్టలు కట్టుకొని వచ్చింది.

తేడా ఒక్కటే. హుండీ రోజుల్లో రెండు దారులూ కలిసే చోటు షావుకారు గద్దె. అక్కడ ఖాతాపుస్తకాలు ఉన్నాయి, గుమాస్తాలు ఉన్నారు, బజారంతా తెలిసిన మనుషులు ఉన్నారు, రేపు రండి అనే తీరిక ఉన్నది. ఇప్పుడు రెండు దారులూ వచ్చి కలిసేది ఖాతాదారు చేతిలో. డెబ్భై అయిదేళ్ళ మా మామ, భోజనం చేసి పడుకోబోతున్న వేళ, ఒంటరిగా ఆ గద్దె మీద కూర్చోవలసి వచ్చింది. దొంగ దారి కాయడం మానేశాడు. కూడలిలోనే నిలబడి, ‘ఆ రెండో ముక్క కూడా ఇటివ్వండి’ అని మర్యాదగా అడుగుతున్నాడు. వాడి చేతిలో ఉన్న ఆయుధం తొందర. ‘సాయంత్రంలోగా’ అన్న ఒక్క మాటతో ఆ గద్దెకు ఉండవలసిన తీరికను లాగేసుకొన్నాడు. 2024లో దేశమంతా విన్న ‘డిజిటల్ అరెస్టు’ మోసాల్లోనూ ఇదే ఎత్తు. ఫోను పెట్టనివ్వరు, ఇంట్లోవారితో మాట్లాడనివ్వరు. అంటే రెండో సాక్షిని మూసేస్తారు, ఢాకాలో ప్రింటరును మూసినట్లు.

రిజర్వు బ్యాంకు 2017 జులై 6న ఇచ్చిన ఆదేశం ఈ నష్టాలను ఎవరు భరించాలో చెప్పింది. తప్పు బ్యాంకుదీ ఖాతాదారుదీ కాక మరెక్కడిదో అయితే, మూడు పనిదినాల్లోగా తెలిపిన ఖాతాదారుకు నష్టం లేదు. ఖాతాదారే గుట్టు చెప్పి ఉంటే, బ్యాంకుకు తెలిపే దాకా జరిగిన నష్టం ఆయనదే. తెలిపిన తరువాత జరిగేది బ్యాంకుది. 1827 నాటి ప్రశ్నే ఇక్కడా ఉన్నది, సందు ఎవరు వదిలారు అని. కాని దాని పక్కనే మరొక ప్రశ్న ఉన్నది, ఎప్పుడు చెప్పారు అని. నాకు గుండెలో గుచ్చుకొన్నది ఈ రెండవది. మామ సొమ్ము ఒక్క గంటలో పోలేదు. సగానికి పైగా రెండో రోజున పోయింది. ఆ రెండో రోజంతా ఆయన సిగ్గుతో మూలగదిలో కూర్చున్నారు. 1930 నంబరుకు ఫోను చేస్తే సొమ్ము దాటిపోకుండా ఆపే అవకాశం ఉన్నదని ఆయనకు తెలియదు. తెలిసిన నేను వెళ్ళి, ‘ఎట్లా చెప్పినావు’ అని అడిగాను. ఇంట్లో అటువంటి ప్రశ్న ఎదురవుతుందనే భయమే ఆ రెండు రోజుల మౌనం. దొంగ తీసుకొన్నది కొంత, మా ఇంటి పరువు తీసుకొన్నది కొంత.

చివరకు తిరిగి వచ్చినది 22,000 రూపాయలు.

ఇదంతా చదివిన తరువాత ఒకసారి ఆదోని వెళ్ళి మామకు పేఠ్ సంగతి చెప్పబోయాను. ఆయన మధ్యలోనే అందుకొని, “పేఠు నాకు చెప్తావేమిరా! మా పెద్దషావుకారు హుండీ రైల్లో పోతే ఆ పూటే బొంబాయికి తంతి కొట్టించినాడు. ఎవురూ నగలేదు. పోయిందాన్ని పోయిందనేదానికి సిగ్గెందుకు?” అన్నారు. అని, తన మాట తనకే తగిలినట్లు ఆగిపోయారు. నేనూ ఏమీ అనలేదు.

ఆ సాయంత్రం ఆయన రచ్చకట్ట దగ్గర తన ఈడువాళ్ళ నడుమ కూర్చొని, ఆ ఫోను సంగతి మొదటినుంచి చివరిదాకా, అంకెలతో సహా చెప్పారు. ఇంటికి వచ్చి చిట్టా తీసి, ఆ తారీఖు పుట వెదికి, ఖర్చు వైపు ‘ఫోను మోసం వల్ల పోయినది’ అని వ్రాసి, మొత్తం అక్షరాలలో వ్రాసి, ‘మాత్రమే’ అని చేర్చి, అడ్డగీత గీశారు.

మిత్రులారా, మీ ఊళ్ళలో, మీ ఇళ్ళలో పాత హుండీ కాగితాలు, దుకాణాల గుర్తులు, సంతబేరాల వేళ్ళ లెక్కలు తెలిసిన పెద్దలు ఉంటే వ్యాఖ్యల్లో తెలుపగలరు. పోగొట్టుకొన్నవారు ఉంటే వారి అనుభవం కూడా చెప్పండి. ఇక్కడ ఎవరూ నవ్వరు.